కంతలు లేని బ్యానర్

ఆ రోజు బస్సులో ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఆ సంగతి ఎప్పుడు గుర్తొచ్చినా నేను మొదట తలుచుకునేది అదే. తగిలి ఉంటే ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు ముఖం ఉండేది కాదు.

డెబ్బైల చివరి సంవత్సరాలు. జహీరాబాద్‌లో చెరుకు రైతుల సంఘం ఒకటి ఉండేది. అందులో నేను గుమాస్తాను. కాలేజీ చదువు సగంలో ఆపేసిన ఇరవై ఆరేళ్ల వాణ్ణి. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. చెప్పుకోవడానికి నాకున్నది చేతిరాత ఒక్కటే. సంఘం తీర్మానాల పుస్తకంలో నేను రాసిన పేజీలను అధ్యక్షుడు వచ్చినవాళ్లకు తిప్పి చూపించేవాడు. ఆయన చెరుకూ అల్లమూ పండించే పెద్ద రైతు. అందరూ ఆయన్ని పటేల్ సాబ్ అనేవాళ్లు. ఆ పొగడ్త నా తలకు బాగానే ఎక్కింది. అక్షరాల విషయంలో నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి.

ఆ ఏడు వానలు తగ్గుముఖం పట్టాక సంఘం తరఫున కంటి క్యాంపు పెట్టాలనుకున్నారు. హైదరాబాద్ నుంచి డాక్టర్లు వచ్చి, మూడు రోజులు బడి గదుల్లో ఉండి, ముసలివాళ్లకు శుక్లాలు తీస్తారు. న్యాల్‌కల్ వైపు పల్లెల నుంచి, రాష్ట్రం హద్దు అవతలి కన్నడం మాట్లాడే ఊళ్ల నుంచి కూడా జనం రావాలి. చిరాగ్‌పల్లి దగ్గర బొంబాయి రోడ్డుకు అడ్డంగా ఒక పెద్ద బ్యానర్ కట్టాలని పటేల్ సాబ్ అన్నాడు.

“చదువురానోళ్లకు గూడ సమజ్ గావాలె. మంచి పెయింటర్ను నువ్వే చూసి పట్టు. రాత సంగతి నీకెరుక గదా,” అని నాకు అప్పగించాడు.

పెయింటర్‌ను ఎంచుకోవడంలో నేను తప్పు చేయలేదు. అంతవరకు న్యాయంగానే నడిచాను. ఊళ్లో ఇద్దరుండేవాళ్లు. బస్టాండు పక్కనున్న అతను పొద్దున చెబితే సాయంత్రానికి ఇచ్చేవాడు. రంగు పొడిలో బంక కలిపి రాసేవాడు. ఆరాక చూడటానికి బాగానే ఉండేది కాని, వేలు తడిపి రుద్దితే అక్షరం వేలికి వచ్చేది. రెండో ఆయన లారీ షెడ్ల పక్కన రేకుల కొట్టంలో పని చేసేవాడు. లారీల వెనక రాతలు, బడి గోడల మీది రాతలు ఆయనవే. చెరుకు సీజన్ మొదలయ్యే ముందు మా సంఘం ఊరూరా చెరుకు తూచే కాటాల దగ్గర నిలబెట్టే రేకు బోర్డులు కూడా ప్రతి ఏడూ ఆయనే రాసేవాడు. నలభై అయిదేళ్ల మనిషి. భార్యాభర్తలిద్దరే పని చేసుకునేవాళ్లు. బట్ట ఉతకడం, ఆరేయడం, కుట్టడం ఆమె వంతు. రాయడం ఆయన వంతు.

అయిదు రోజులు కావాలన్నాడు. ఇంత చిన్న పనికి అయిదు రోజులెందుకని అడిగాను.

“కొత్త బట్టకు గంజి ఉంటది సారూ. గంజి మీద రంగు పెడితే ఆ రంగు గంజిని పట్టుకుంటది, బట్టను పట్టుకోదు. రెండుసార్లు ఉతకాలె. ఆరాలె. అటెన్క తెల్ల రంగు ఒక చెయ్యి కొట్టి, అది ఆరినంక రాత. అక్షరం పైన ఇంకో చెయ్యి. ఏ దినం పని ఆ దినమే.”

ఎవరికో రాసి ఉంచిన బ్యానర్ ఒకటి తీసి, దాని మూలను పిడికిట్లో నలిపి వదిలాడు. అక్షరం మీద ఒక్క పగులు కూడా లేదు. తర్వాత నన్ను రోడ్డు అవతలికి పొమ్మని, అక్కడి నుంచి చదవమన్నాడు. చదివాను. ఇంకా అవతలికి పొమ్మన్నాడు. అక్కడి నుంచీ చదివాను.

“బస్సుల కూసున్నోడు గంత దూరంకెల్లి చూస్తడు. దగ్గర నిలవడి ఎవ్వడు చదువడు,” అన్నాడు.

ఇప్పుడు ఎవరైనా ఫ్లెక్సీ కొట్టించుకుంటూ సలహా అడిగితే నేను ఆ కొట్టంలో నేర్చుకున్నదే చెబుతాను. నలిపి చూడండి, తడిపి చూడండి, దూరంగా నిలబడి చూడండి, అన్నిటికన్నా ముందు అది ఎక్కడ వేలాడబోతోందో చెప్పండి. చివరి మాట నేర్చుకోవడానికే నాకు ఎక్కువ రోజులు పట్టింది.

బ్యానర్ నమూనా నేనే గీశాను. నడిమధ్యలో గంపంత కన్ను. దానికి అటూ ఇటూ పెద్ద అక్షరాలు. చదువు రానివాడు కూడా కన్ను చూసి ఇది కళ్ల సంగతని తెలుసుకుంటాడు. స్కేలు పెట్టి కొలిచి, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత జాగా ఉండాలో కూడా రాసిచ్చాను. పెయింటర్ ఆ కాగితాన్ని మెచ్చుకున్నాడు. కన్ను బొమ్మను నేను అనుకున్నదానికన్నా బాగా వేశాడు. రెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ విడిగా కనిపించేవి.

నాలుగో రోజు వెళ్లేసరికి రాత అయిపోయింది. ఆయన చేతిలో సుద్దముక్కతో బట్ట మీద అక్కడక్కడ అర్ధచంద్రాలు గీస్తున్నాడు.

“బొక్కలు ఏడేడ పెట్టాల్నో గుర్తు పెడుతున్న సారూ, జర చూసుకోన్రి.”

“బొక్కలేంది?”

“గాలికి. సగం చందమామ లెక్క కోస్త. గాలి కొడితే రెప్ప లేసినట్టు లేస్తది, గాలి పోయినంక మల్ల మూసుకుంటది.”

నాకు నచ్చలేదు. నాలుగు రోజులు ఉతికి, ఆరేసి, అంత అందంగా రాసిన బట్టను కత్తెర పెట్టి కోయడమంటే నా మనసు ఒప్పలేదు. ఆయన గీసిన అర్ధచంద్రాల్లో రెండు కన్నుకు చెరో పక్కన ఉన్నాయి.

“అన్నా, ఇది కంటి క్యాంపు. కన్ను చుట్టు బొక్కలు పెడితే చూసినోళ్లు ఏమనుకుంటరు? ఆపరేషన్‌కు వచ్చే ముసలోళ్లు భయపడరా?”

“గట్లయితే కన్ను కాడ వద్దు తియ్యి. అక్షరాల నడుమ పెడ్త.”

“ఆ నడుమ జాగ నేను కొలిచి పెట్టింది. ఒక్క బొక్క గూడ వద్దు.”

ఒక చివర అంచు కుడుతున్న ఆయన భార్య తలెత్తింది. “సారూ, ఆ రోడ్డు మీద లారీ పోతే నా కొంగే నా మీద ఉండదు. ఇంత బట్ట ఎట్లుంటది?”

“నువ్వు కుట్టు సంగతి చూసుకో అక్కా. రాత సంగతి నాకు విడిచిపెట్టు,” అన్నాను.

అనకూడని మాట అనేశాను. ఆమె తల దించుకుని దారం కొరికింది. పెయింటర్ సుద్ద గీతలను తుడిచేశాడు.

“మీ బ్యానర్, మీ ఇష్టం. గాని ఆ రోడ్డు మీద రెండు దినాలు ఆగుతదని నేనైతే చెప్ప,” అన్నాడు.

చిరాగ్‌పల్లి దగ్గర బ్యానర్ కట్టించిన రోజు నేను కింద నిలబడి చాలాసేపు చూశాను. ఎండలో అక్షరాలు మెరుస్తున్నాయి. బస్సులో వెళ్లేవాళ్లు కిటికీలోంచి మెడ చాచి చూస్తున్నారు. ఒక్కో లారీ వెళ్లినప్పుడు బ్యానర్ కడుపు ఉబ్బించి, తాళ్లు కిర్రుమనేలా వెనక్కి లాగి, మళ్లీ ముందుకు వచ్చి పట్టుమని కొట్టుకునేది. ఆ చప్పుడు నాకు వినిపించింది. విని కూడా సైకిలెక్కి వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం సంఘం ఆఫీసు ముందు ఒక బస్సు ఆగింది. డ్రైవర్ చంకలో సగం బ్యానర్ చుట్టుకుని లోపలికి వచ్చాడు. పటేల్ సాబ్, నలుగురైదుగురు రైతులు, నేను ఉన్నాం.

“ఎవలు గట్టిన్రు దీన్ని?” అని నేల మీద పడేశాడు. “ఎదురుంగ లారీ పోయింది, ఫట్‌మని చినిగింది. నా అద్దం మీద ఇంత పెద్ద కన్ను వచ్చి పడ్డది. నేను దాన్ని చూస్తున్న, అది నన్ను చూస్తున్నది. రోడ్డు మాత్రం ఇద్దరికీ కనబడుతలేదు.”

ఒక రైతు నవ్వు ఆపుకోలేక బయటికి వెళ్లిపోయాడు.

“నవ్వుతున్రా? బస్సుల నిలవడే జాగ లేదు, అంతమంది ఉన్నరు. బ్రేకు కొడితే ఒక చక్రం చెరుకు తోటలకు దిగి ఆగింది. ఒక ముసలామె ఒళ్లె ఉన్న కోడి కిటికీలకెల్లి ఎగిరిపోయింది. ఆమె కోడి కోసం నన్ను ఇంక తిడుతనే ఉన్నది, బయట ఇనవడుతలేదా?”

నిజంగానే వినబడుతోంది. ఎవరికైనా ఏమైనా అయిందా అని పటేల్ సాబ్ రెండుసార్లు అడిగాడు. ఏమీ కాలేదని డ్రైవర్ రెండుసార్లు చెప్పాడు. అప్పుడు నాకు ఊపిరి ఆడింది. కోడి కూడా చెరుకు తోటలో దొరికిందని తర్వాత తెలిసింది.

డ్రైవర్ వెళ్లాక పటేల్ సాబ్ నా వైపు తిరిగాడు. “ఎట్లయింది గిది?”

“కుట్టు ఊడినట్టుంది సాబ్. పెయింటర్ సరిగ్గ చూసుకోలే,” అన్నాను.

ఆ మాట నోట్లోంచి దానంతట అదే వచ్చిందని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కావచ్చు. కానీ ఆ తర్వాత నెల రోజులు దాన్ని తెలిసే దాచాను. అందరూ వెళ్లాక బ్యానర్ ముక్క విప్పి చూశాను. కుట్టు ఒక్క పోగు కూడా కదల్లేదు. చిరుగు కన్ను పక్క నుంచి నిలువుగా పోయింది. ఎవరూ చూడకుండా దాన్ని మడిచి, బీరువా అడుగున పాత కాగితాల కింద పెట్టాను.

“ఇగ గాయనకు మన పని ఇయ్యకున్రి. కాటా బోర్డులు వేరేటోళ్లకు చూడు,” అని మర్నాడు పటేల్ సాబ్ అందరి ముందూ అనేశాడు. నేను సరేనన్నాను.

క్యాంపు మాత్రం బాగానే జరిగింది. ఊరూరా డప్పు చాటింపు వేయించాం. బస్సు కండక్టర్లు కూడా కేకేసి చెప్పారు. కట్లు కట్టుకున్న ముసలివాళ్లు బడి వరండాలో వరసగా కూర్చుని, నల్ల కళ్లద్దాలు ఎవరికి బాగున్నాయో వాదించుకునేవాళ్లు. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆ మెచ్చుకోలు నాకు ఒంటపట్టలేదు. లారీ షెడ్ల వైపు వెళ్లాల్సి వస్తే వేరే దారిలో వెళ్లేవాణ్ణి.

దసరా దాటింది. ప్రతి ఏడూ ఆ రోజుల్లో బోర్డుల పని మొదలయ్యేది. ఒక పొద్దున పెయింటర్ ఆఫీసుకు వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. నేను నా బల్ల దగ్గరే ఉన్నాను.

“బోర్డులు ఇంక పంపలే పటేలా,” అన్నాడు.

“నీ కుట్టు ఊడి బస్సు మీద పడ్డది. మల్ల నీకెట్ల ఇస్తమయ్యా?”

“కుట్టు ఊడలే. బట్ట చినిగింది.”

“రెండు ఒకటే గదా.”

“ఒకటి గాదు. ఎందుకు చినిగిందో సారుకు ఎరుక.”

ఇద్దరూ నా వైపు చూశారు. చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. నేను తీర్మానాల పుస్తకంలోకి తల దించుకున్నాను. కలం కూడా ఇంకులో ముంచాను. రాయడానికి ఏమీ లేదు.

పెయింటర్ మళ్లీ పటేల్ సాబ్‌తోనే మాట్లాడాడు. “ఈ బోర్డులున్నయనే కొట్టం పెట్టుకోని ఉన్న పటేలా. ఈ పని లేకుంటే హుమ్నాబాద్ పోవాలె. ఆడ మా బామ్మర్ది లారీ బాడీలు కట్టే కాడ చేస్తడు. ఇన్నేండ్లకు మల్ల ఒకని కింద కుంచె పట్టాలె. ఐతారం దాక చూస్త.”

పెయింటర్ వెళ్లాక పటేల్ సాబ్ పొలానికి వెళ్లిపోయాడు. నేను మధ్యాహ్నానికి తెచ్చుకున్న అన్నం డబ్బా విప్పి, మూత పెట్టేశాను. ఆయన మీద నింద పడటం ఒక ఎత్తు. ఆయన నా ఎదుటే తప్పు నాదని చెప్పకుండా ఊరుకోవడం, నేను దాన్ని కూడా వాడుకోవడం ఇంకో ఎత్తు. నేను మంచివాణ్ణనే నమ్మకం నాకు అప్పటిదాకా ఉండేది. ఆ బల్ల దగ్గర కూర్చుని ఉండగానే అది పోయింది.

బీరువాలోంచి బ్యానర్ తీసి సైకిల్‌కు కట్టుకుని పటేల్ సాబ్ పొలానికి వెళ్లాను. ఆయన అల్లం మడుల్లో కలుపు తీయిస్తున్నాడు. గట్టు మీద బ్యానర్ పరిచి, కుట్టు చూపించాను. కంతలు వద్దన్నది నేనేనని చెప్పాను. కుట్టు ఊడిందన్నది అబద్ధమని చెప్పాను. ఉద్యోగం పక్కా చేయరేమోనన్న భయంతో అన్నానని కూడా చెప్పాను.

ఆయన కుట్టు మీద వేలితో గీరి చూశాడు.

“నాకు చెప్తే ఏమొస్తది?” అన్నాడు. “నేను ఆయన్ని పదిమందిల అన్న. నువ్వు గూడ పదిమందిల చెప్పు. రేపు మీటింగు ఉన్నది గదా. చెప్పి, పుస్తకంల నువ్వే రాయి. మంచి రాత గదా నీది.”

మర్నాటి సమావేశానికి పదకొండు మంది వచ్చారు. నిలబడి చెప్పాను. ఏ ముక్కా వదల్లేదు. న్యాల్‌కల్ వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు తువ్వాలతో ముఖం తుడుచుకుని అన్నాడు:

“నా కోడెకు ముకుతాడెయ్యనీకి ముక్కు కుట్టిచ్చే నాడు నిన్ను పిలువలే, మంచిదైంది కొడుకా. ముఖం ఖరాబైతదని వద్దంటుంటివి.”

గది గదంతా నవ్వింది. పటేల్ సాబ్ కూడా నవ్వాడు. ఆ నవ్వులో నాకు శిక్ష ఎంత ఉందో, క్షమ ఎంత ఉందో ఇప్పటికీ చెప్పలేను. నేను కూర్చుని రాయడం మొదలుపెట్టాను. బ్యానర్ చినగడంలో పెయింటర్ తప్పు లేదని, గుమాస్తా ఆయన మాట వినకపోవడం వల్ల, ఆ తర్వాత అబద్ధం చెప్పడం వల్ల ఆయనకు అన్యాయం జరిగిందని, కాటా బోర్డుల పని ఎప్పటిలాగే ఆయనకే ఇవ్వాలని సంఘం తీర్మానించింది. రెండు చోట్ల అక్షరాలు వంకర పోయాయి. తిరగరాయలేదు. సంతకాలన్నీ అయ్యాక, నా ఛాతీ మీద నుంచి ఎవరో మోకాలు తీసినట్టయింది.

అది శనివారం. తెల్లారితే ఆయన చెప్పిన ఐతారం. ఆ కాగితం నకలు పట్టుకుని సాయంత్రం లోపలే లారీ షెడ్ల దగ్గరికి వెళ్లాను. కొట్టంలో గోడకు ఉండాల్సిన కుంచెలు లేవు. రంగు డబ్బాలు రెండు గోనె సంచుల్లో కట్టి వాకిట్లో పెట్టి ఉన్నాయి. ఆయన భార్య వాటి మీద కూర్చుని ఉంది.

“ఎవలొచ్చిన్రో సూడు,” అని లోపలికి కేకేసింది. “కన్ను సారు వచ్చిండు.”

పెయింటర్ వచ్చి నిలబడ్డాడు. నేను ముందు ఆమెకు చెప్పాను. “అక్కా, ఆ రోజు నువ్వు చెప్పిందే సరి. నేను నోరు జారిన.”

“జారుడు గాదు సారూ, మీద పడ్డరు,” అంది ఆమె.

కాగితం ఆయనకిచ్చాను. ఆయన దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి నెమ్మదిగా చదివాడు. చదివి, మళ్లీ మొదటి నుంచి చదివాడు.

“గిది మీరే రాసిన్రా?”

“నేనే రాసిన. అందరి ముంగట చెప్పిన.”

“బొక్కలు వద్దన్న నాడు నాకు కోపం రాలే సారూ. కొత్తోళ్లు అందరు గట్లనే అంటరు. నిన్న పటేల్ ముంగట మీరు తల దించుకున్నరు చూడు, అప్పుడొచ్చింది. ఇంటికొచ్చి అన్నం తినలే.”

“నేను గూడ తినలేదన్నా.”

“మీరు తినకుంటే నా కడుపు నిండుతదా?” అన్నాడు. ఆ తర్వాత కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. “సరే. చెప్పిన్రు. ఇగ అయిపాయె.”

ఇంకా ఏదో అనాలని నేను నోరు తెరిచాను. ఆయన భార్య మధ్యలోనే అందుకుంది.

“మీ మాటలు అటెన్క. రేపు పొద్దుగాల లారీకి ఎక్కిస్తమని చెప్పొచ్చినం. ఈ సంచులు ఇప్పాల్నా, వద్దా? ఖరారుగ ఒక్క మాట చెప్పున్రి.”

“విప్పక్కా,” అన్నాను. “పొద్దున రేకులు బండ్ల మీద వస్తయి.”

ఆమె లేచి ఒక సంచి మూతి ముడి లాగింది. అది బిగుసుకుపోయి ఉంది. పెయింటర్ వచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. ముడి వదిలాక ఆయన నల్ల రంగు డబ్బా బయటికి తీసి, మూత తెరిచి, అడుగున ఎంత ఉందో వంచి చూసుకున్నాడు.